పేరుకే మైనర్



మా పెద్దమ్మాయి మన స్కూల్లోనే పదో తరగతి దాకా చదివింది. ఆ తర్వాత ఇంటర్ ఎంపీసీ, బీటెక్ ఈసీఈ. చదివింది ఈసీఈనే అయినా పట్టాతోపాటు ఇంకో మాట కూడా సంపాదించుకుని వచ్చింది: బయోమెడికల్ ఇంజినీరింగ్‌లో మైనర్. మా చిన్నవాడి కోసం మొన్న పేరెంట్స్ మీటింగ్‌కి వచ్చినప్పుడు, పక్క కుర్చీలో ఉన్న ఒకాయన ఈ సంగతి విని, "మైనరంటే ఏంటండీ, సప్లీ లాంటిదా?" అని అడిగారు. ఇద్దరం నవ్వుకున్నాం. కానీ ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే. లక్షలు పోసి పిల్లల్ని చదివిస్తున్న మనకి, ఆ చదువులో ఏయే దారులున్నాయో విడమరచి చెప్పేవాళ్లు తక్కువ. మా ఇంట్లో రెండేళ్లపాటు నడిచిన ఈ వ్యవహారం మీకు పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

మా సంగతి ముందు చెప్పాలి. నేను విజయవాడలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. మా వారు ఆర్టీసీ డిపోలో మెకానిక్. ఇద్దరం పిల్లల చదువు గురించి నలుగురిని అడిగి తెలుసుకునేవాళ్లమే.

మైనర్ అంటే ఏమిటి?

ఏఐసీటీఈ నమూనా ప్రకారం బీటెక్ పూర్తికావాలంటే సుమారు 160 క్రెడిట్లు కావాలి. వారానికి ఒక గంట చొప్పున సెమిస్టరంతా వినే పాఠానికి ఒక క్రెడిట్. ల్యాబ్ అయితే రెండు గంటలకి ఒక క్రెడిట్. ఈ 160 కాక, ఇంకో 18 నుంచి 20 క్రెడిట్లు వేరే విభాగంలో చేస్తే, పట్టాలో ఆ విభాగం పేరు మైనర్‌గా చేరుతుంది. ఆ అదనపు క్రెడిట్లు సొంత బ్రాంచిలోనే ఇంకా లోతుగా చేస్తే దాన్ని ఆనర్స్ అంటారు. లెక్క వేసుకుంటే 18 క్రెడిట్లంటే మూడేసి క్రెడిట్ల కోర్సులు ఆరు. అంటే చివరి రెండేళ్లలో సెమిస్టర్‌కి ఒకటో రెండో సబ్జెక్టులు అదనంగా మీద పడతాయన్నమాట.

ఇది ఇంజినీరింగ్‌కి మాత్రమే పరిమితం కాదు. జాతీయ విద్యా విధానం 2020 తర్వాత యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన డిగ్రీ చట్రంలో మూడేళ్ల డిగ్రీకి మైనర్ కింద కనీసం 24 క్రెడిట్లు, నాలుగేళ్ల డిగ్రీకి 32 క్రెడిట్లు చూపించారు. అక్కడ మైనర్ మొత్తం క్రెడిట్ల లోపలే ఉంటుంది, బీటెక్‌లోలాగా పైన పడే భారం కాదు. బెంగళూరు ఐఐఎస్‌సీలో 2011లో మొదలైన నాలుగేళ్ల సైన్స్ డిగ్రీలో కూడా మేజర్‌తోపాటు మైనర్ తీసుకునే వీలుంది.

పదిహేనేళ్లకే రెండు దారులు

మన దగ్గర పదో తరగతి అయిపోగానే పిల్లల్ని రెండు గుంపులు చేస్తాం. లెక్కలు బాగా వస్తే ఎంపీసీ, బయాలజీ బాగా వస్తే బైపీసీ. పదిహేనేళ్ల వయసులో జరిగే ఈ విభజన వల్ల లెక్కల పిల్లలకి ఒంటి గురించి, బయాలజీ పిల్లలకి సర్క్యూట్ల గురించి ఆ తర్వాత జీవితాంతం ఒక్క పాఠమూ అందకపోవచ్చు. మా అమ్మాయి తొమ్మిదిలో గుండె బొమ్మ వేసి గదులకి రంగులద్దింది. ఇంటర్‌లో అడుగుపెట్టిన రోజుతో ఆ పుస్తకం అటకెక్కింది.

జబ్బు మాత్రం సబ్జెక్టులు చూసుకుని రాదు కదా. మన హైదరాబాద్‌లో జరిగిన ఒక సంగతి అబ్దుల్ కలాం గారు చాలాసార్లు చెప్పారు. నిమ్స్ నుంచి ఎముకల డాక్టరు ఒకరు ఆయన ల్యాబ్‌కి వచ్చి, క్షిపణుల కోసం తయారుచేసిన తేలికైన పదార్థాన్ని చేత్తో పట్టుకుని చూశారు. వెంటనే ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లి, మూడు కిలోలకు పైగా బరువున్న ఇనుప కాలిపర్లు తొడుక్కుని కాళ్లు ఈడ్చుకుంటున్న పిల్లల్ని చూపించారు. కొద్ది వారాల్లో సుమారు 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయి. ఆ పదార్థం అంతకుముందూ ఉంది, ఆ పిల్లలూ ఉన్నారు. రెండు వైపులా తెలిసినవాళ్లు ఒక గదిలో కలిసేదాకా ఆ పని జరగలేదు.

చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు చెన్నై గిండీ కాలేజీలో చదివింది సివిల్ ఇంజినీరింగ్. 1994లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది కృత్రిమ మేధలో చేసిన పనికి. వెంకీ రామకృష్ణన్ గారు ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ అయ్యాక మళ్లీ విద్యార్థిగా చేరి బయాలజీ చదువుకున్నారు. 2009లో ఆయనకి నోబెల్ వచ్చింది కెమిస్ట్రీలో. వాళ్లంత కాకపోయినా, మన పిల్లలు గోడ అవతలికి ఒకసారి తొంగిచూడటానికి కాలేజీలో ఉన్న కిటికీ ఈ మైనర్.

మా ఇంట్లో జరిగిన చర్చ

రెండో సంవత్సరం చివర్లో అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. "అమ్మా, బయోమెడికల్ మైనర్ ఇస్తున్నారు. బ్యాక్‌లాగ్స్ లేనివాళ్లకే. తీసుకోనా?"

నాకు లోపల సంతోషమే. ఇన్నేళ్లూ నేను పనిచేసే ల్యాబ్ గురించి ఇంట్లో ఎవరూ ఏమీ అడిగింది లేదు. మా వారి లెక్క వేరే. ఆయన ఫోన్ అందుకుని, "అమ్మలూ, నాకింక మూడేళ్ల సర్వీసే ఉందమ్మా. నీకు ఉద్యోగం వచ్చేది ఈసీఈ మీదా, దీని మీదా?" అన్నారు.

"ఈసీఈ మీదే నాన్నా."

"మరి కోడింగ్ క్లాసులు శనివారమేగా? ఇది కూడా శనివారమేనంటున్నావు. రెంటికీ చెడితే?"

ఆ ప్రశ్నకి అమ్మాయి దగ్గర వెంటనే జవాబు లేదు. ఆయన అడిగిందాంట్లో తప్పేముంది? మా ఇంటి మీద చదువు లోను ఉంది. వెనక ఇంకో పిల్లవాడున్నాడు. పిల్లల ఆసక్తి గురించి మాట్లాడేటప్పుడు ఇంటి ఆర్థికం గురించి మాట్లాడకూడదని కొందరంటారు. మాలాంటి ఇళ్లలో రెండూ ఒకే బల్ల మీద పెట్టుకుని మాట్లాడుకోవాలి.

ఆ ఆదివారం అమ్మాయి ఇంటికొచ్చింది. భోజనాలయ్యాక ముగ్గురం కూర్చుని ఒక కాగితం మీద రాసుకున్నాం. ఒకటి, మెయిన్ బ్రాంచిలో ఏ సబ్జెక్టూ పోకూడదు. రెండు, కోడింగ్ రోజూ గంట చేయాలి, శనివారం క్లాసు పోయినా సరే. మూడు, మొదటి రెండు కోర్సులయ్యాక మళ్లీ కూర్చుందాం, నచ్చకపోతే మానేయొచ్చు, ఎవరూ ఏమీ అనకూడదు. మూడోది మా వారే రాయించారు. పిల్లలకి మొదలుపెట్టే ధైర్యం ఇచ్చేది, మానేసే వీలుండటమేనని ఆయన మాట.

ఒక్క వేలి కొసన రెండు శాస్త్రాలు

ఇప్పుడు అసలు చదువు గురించి. మూడో ఏడాదిలో మైనర్ ప్రాజెక్టుగా అమ్మాయి పల్స్ ఆక్సీమీటర్ తయారుచేయడానికి పూనుకుంది. 2021 వేసవిలో మనందరం మెడికల్ షాపుల చుట్టూ తిరిగి కొనుక్కున్న ఆ చిన్న క్లిప్పే. దాని లోపల రెండు లైట్లుంటాయి. ఒకటి 660 నానోమీటర్ల ఎర్ర కాంతి, ఇంకోటి సాధారణంగా 940 నానోమీటర్ల దగ్గరుండే, కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్. వేలి ఇటు నుంచి ఈ రెండూ పంపితే, అటువైపున్న సెన్సర్ ఎంత కాంతి బయటికొచ్చిందో కొలుస్తుంది.

ఒక రాత్రి ఫోన్ చేసి, "అమ్మా, నువ్వు తీసే బ్లడ్ శాంపిల్ ఎప్పుడూ ముదురు రంగులోనే ఎందుకుంటుంది?" అంది.

"సిర నుంచి తీస్తాం కదే. ఆక్సిజన్ వాడేసుకుని తిరిగొచ్చే రక్తం అది. ధమని నుంచి తీస్తే తళతళలాడే ఎరుపు ఉంటుంది."

"అదే అమ్మా ఇదంతా!" అని అరిచినంత పనిచేసింది. ఆక్సిజన్ నిండిన రక్తం ఎర్ర కాంతిని తక్కువగా పీల్చుకుంటుంది, ఇన్‌ఫ్రారెడ్‌ని ఎక్కువగా పీల్చుకుంటుంది. ఆక్సిజన్ లేనిది దానికి తిరగేసి. ఈ రెండింటి నిష్పత్తి నుంచే ఆ తెర మీద 97 అనో 98 అనో అంకె వస్తుంది. నేను ఇరవై ఏళ్లుగా ట్యూబుల్లో చూస్తున్న రంగు తేడా, దాని పుస్తకంలో గ్రాఫుగా ఉంది.

దీన్ని కనిపెట్టిన తీరు కూడా అమ్మాయే చెప్పింది. తకువో అవోయాగి అనే జపాన్ ఎలక్ట్రికల్ ఇంజినీరు 1970ల మొదట్లో, గుండె ఎంత రక్తం పంపుతోందో కొలిచే పద్ధతి కోసం చెవి గుండా కాంతి పంపి చూస్తున్నారు. నాడి కొట్టుకున్నప్పుడల్లా రీడింగ్ ఊగిపోయేది. ఆ ఊగుడిని తీసేసే ప్రయత్నంలో ఉండగా ఆయనకి తట్టింది: ఊగుతున్నది ధమనుల్లోని రక్తం వల్లే కాబట్టి, ఆ ఊగుడునే కొలిస్తే ధమనుల్లోని ఆక్సిజన్ తెలిసిపోతుంది కదా అని. చర్మం, ఎముక, సిరల్లోని రక్తం అంతగా ఊగవు. అడ్డంకి అనుకున్నదే ఆధారమైంది. సిగ్నల్ గురించీ రక్తం గురించీ ఒకే మనిషికి తెలిసి ఉండబట్టే ఆ ఆలోచన వచ్చింది.

అమ్మాయి చేసిన సర్క్యూట్ మొదట్లో పిచ్చి అంకెలు చూపించింది. ట్యూబ్‌లైటు కాంతి సెన్సర్ మీద పడి సెకనుకి వంద సార్లు మినుకుతోంది. నాడి కొట్టుకునేది సెకనుకి ఒకటీ ఒకటిన్నర సార్లు. వేగంగా మారేదాన్ని వడకట్టే ఫిల్టర్ పెట్టింది, సరిపోయింది. ఇది ఈసీఈ చదువు. ఆ తర్వాత హాస్టల్ ఏసీ ల్యాబ్‌లో ఒక స్నేహితురాలి వేలికి పెడితే అసలు రీడింగే రాలేదు. వారం రోజులు ఫిల్టర్లు మార్చింది. చివరికి నన్నడిగితే, "చేతులు చల్లగా ఉన్నాయేమో చూడు, బాగా రుద్దమను" అన్నాను. చలికి వేళ్లలోని రక్తనాళాలు ముడుచుకుపోతాయి, నాడి ఊగుడు సన్నబడిపోతుంది. ఏ ఫిల్టరూ లేని సిగ్నల్‌ని తెచ్చి ఇవ్వలేదు. ఇది మైనర్ నేర్పిన చదువు.

ఇంకో విషయం దాన్ని బాగా ఆలోచనలో పడేసింది. 2020 డిసెంబరులో అమెరికా వైద్య పత్రిక ఒకదాంట్లో వచ్చిన పరిశోధన ప్రకారం, రక్త పరీక్షలో ఆక్సిజన్ ప్రమాదకరంగా తగ్గినట్టు తేలినా ఆక్సీమీటర్ బాగానే ఉన్నట్టు చూపించిన సందర్భాలు తెల్లవారి కంటే నల్లవారిలో దాదాపు మూడు రెట్లు ఎక్కువ. చర్మం రంగు కూడా కాంతిని పీల్చుకుంటుంది కదా. "మనందరి వేళ్లూ చామనఛాయేగా అమ్మా. పరికరం ఎవరి వేళ్ల మీద పరీక్షించి తయారుచేశారో కూడా ఇంజినీరే అడగాలి" అంది. ఆ మాట విన్నప్పుడు, ఆ ఆరు కోర్సులకి పెట్టిన శనివారాలు ఊరికే పోలేదనిపించింది. (ఇంట్లో ఆక్సీమీటర్ వాడేవాళ్లకి ఒక మాట: గోళ్ల రంగు ఉన్నా, చేతులు చల్లగా ఉన్నా రీడింగ్ తేడా రావచ్చు. మనిషి ఆయాసపడుతుంటే అంకె ఎంత బాగున్నా డాక్టరు దగ్గరికి వెళ్లండి.)

ఖర్చూ, ఫలితమూ

అన్నీ తీపి కబుర్లే చెప్పను. ఆ రెండేళ్లూ అమ్మాయికి పండగ సెలవులు సగమే దక్కాయి. ఒక సెమిస్టర్‌లో రెండు మైనర్ కోర్సులు ఒకేసారి పడి, బరువు తగ్గి ఇంటికొచ్చింది. దానితోపాటు డేటా సైన్స్ మైనర్‌లో చేరిన స్నేహితురాలు రెండు కోర్సులయ్యాక మానేసింది. ఆ పిల్ల చేసింది మంచి పనే. తనకి మెయిన్ సబ్జెక్టు మీదే మనసుంది, ఇప్పుడు పీజీ చదువుతోంది.

క్యాంపస్ ఇంటర్వ్యూల మొదటి విడతలో మా అమ్మాయికి ఉద్యోగం రాలేదు. ఆ నెల ఇంట్లో ఎవరం గట్టిగా మాట్లాడుకోలేదు. మా వారు కాగితం గురించి ఒక్కసారీ ఎత్తలేదు, అమ్మాయి కోడింగ్ మానలేదు. చివరి సంవత్సరం రెండో సగంలో, రోగుల మంచం పక్కన ఉండే మానిటర్లు తయారుచేసే ఒక సంస్థ వచ్చింది. ఇంటర్వ్యూలో సగం సేపు చల్లబడిన వేలి గురించే అడిగారట. జీతం, మొదటి విడతలో సాఫ్ట్‌వేర్‌కి వెళ్లిన క్లాస్‌మేట్ల కంటే కొంచెం తక్కువే. మా వారు విని, "లోను కిస్తీ పోను మిగులుతుందా?" అని అడిగారు. మిగులుతుందంది. "అయితే వెళ్లు" అన్నారు.

మైనర్ ఉంటే ఉద్యోగం ఖాయమని మీకెవరైనా చెబితే నమ్మకండి. చాలా కంపెనీలు దాన్ని చూడను కూడా చూడవు. అది పనికొచ్చేది, రెండు సబ్జెక్టులు కలిసే చోట ఉన్న పనులకి. అలాంటి చోట్లు మన దగ్గరా పెరుగుతున్నాయి. విశాఖలో మెడ్‌టెక్ జోన్ ఉంది, హైదరాబాద్ దగ్గర సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల పార్కు ఉంది. వ్యవసాయానికి సెన్సర్లు, బ్యాటరీలకి కెమిస్ట్రీ, వాతావరణానికి డేటా, ఇలా ఎన్నో.

చేరేముందు అడగాల్సినవి

మీ పిల్లలు ఆ మెట్టు దగ్గరికి వచ్చినప్పుడు కాలేజీని ఈ ప్రశ్నలు అడగండి. కాలేజీ కాలేజీకీ నిబంధనలు మారతాయి కాబట్టి జవాబులు రాతపూర్వకంగా చూడండి.

• మైనర్ కోర్సులకి విడిగా ఫీజు ఉందా? ఫీజు రీయింబర్స్‌మెంట్‌లో అది వస్తుందా?
• చేరడానికి కనీస సీజీపీఏ ఎంత? మధ్యలో ఒక సబ్జెక్టు పోతే మైనర్ రద్దవుతుందా?
• మైనర్ మార్కులు మెయిన్ సీజీపీఏలో కలుస్తాయా, విడిగా చూపిస్తారా?
• మధ్యలో మానేస్తే అప్పటిదాకా సంపాదించిన క్రెడిట్లు ఏమవుతాయి?
• క్లాసులు ఎప్పుడు? ప్లేస్‌మెంట్ శిక్షణతో ఢీకొంటాయా?
• పాఠం చెప్పేది ఆ విభాగం వాళ్లేనా? ల్యాబ్ ఉందా? కొన్ని కోర్సులు స్వయం వేదికలో చేసే వీలుందా?

చివరిగా పిల్లల్ని కూడా ఒక ప్రశ్న అడగండి: "మార్కులు లేకపోయినా ఇది చదువుతావా?" వెంటనే జవాబు రాకపోయినా ఫర్వాలేదు. వారం ఆగి మళ్లీ అడగండి.

ఇప్పుడే చేయగలిగింది

మీ పిల్లలు ఇంకా ఏడులోనో తొమ్మిదిలోనో ఉంటే ఇవన్నీ దూరం మాటల్లా అనిపించవచ్చు. కానీ విత్తనం పడేది ఇప్పుడే. "నువ్వు ఎలాగూ ఎంపీసీనే కదా, బయాలజీ పాస్ మార్కులకి చదివితే చాలు" అనే మాట మన ఇళ్లలో తరచూ వినపడుతుంది. దాన్ని కాస్త పక్కన పెడదాం. సైన్స్ ఫెయిర్‌కి వాడు సగం ఫిజిక్సూ సగం బయాలజీ కలిపి ఏదో చేస్తానంటే, ఏ సబ్జెక్టు కిందకి వస్తుందని అడగకుండా చేయనిద్దాం. ఇంకో మాట, మీరు చేసే పని గురించి ఇంట్లో చెప్పండి. మీరు టైలరైనా, ఎలక్ట్రీషియనైనా, రైతైనా, నర్సైనా, మీ చేతిలో ఉన్న తెలివి మీ పిల్లల పుస్తకంలో ఎక్కడో ఒక చోట ఉండే ఉంటుంది. ఆ రెండూ కలిసే పేజీ దగ్గర పిల్లలు మిమ్మల్ని అడగడం మొదలుపెడతారు.

ఇప్పుడు మా చిన్నవాడు తొమ్మిదిలో ఉన్నాడు. వాడికి క్రికెట్ తప్ప వేరే ధ్యాస లేదు. బంతి ఎందుకు స్వింగ్ అవుతుందో నిన్న వాళ్లక్కని ఫోన్‌లో అడుగుతున్నాడు. వినే వాళ్లుంటే, అదీ సైన్సే.

మీ అందరి పిల్లలకీ శుభం కలగాలని కోరుకుంటూ,

ఒక పూర్వ విద్యార్థిని తల్లి